బయట తాళం

మా గదికి తాళం బయటే వేస్తాం. లోపల మనిషి ఉన్నా బయటే వేస్తాం. అసలు లోపల మనిషి ఉంది కాబట్టే వేస్తాం. ఈ మాట వినగానే ముఖం చిట్లించేవాళ్ళు చాలామందే ఉంటారు, చిట్లించుకోండి. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో, కాగితాల్లేని మనిషిని పక్క మంచంలో పెట్టుకుని ఒక్క నెల బతికి చూసి, ఆ తర్వాత వచ్చి నాకు నీతులు చెప్పండి.

నా పేరు బేబీ. మాది రాజోలు పక్క. పొద్దున్నే దేవదానం కారెక్కి దుబాయ్‌లో ఇంటర్నేషనల్ సిటీకి పోయి, సుభద్రగారింట్లో వంట చేసి, ఇంకో ఇంట్లో గిన్నెలు తోమి, సాయంత్రానికి మళ్ళీ షార్జా వచ్చి పడతాను. దేవదానం కూడా మా గోదారివాడే. పెద్ద కారొకటి పెట్టుకుని నాలాంటి పనివాళ్ళను ఎక్కించుకుని తిప్పుతుంటాడు. నాకు వీసా ఉంది. విజయదుర్గకు లేదు.

విజయదుర్గ మా పక్క ఊరి పిల్ల. నాకు చుట్టం కాదు గానీ వచ్చిన రోజు నుంచి పిన్నీ అనే పిలిచేది. వీసా ఇచ్చి రప్పించుకున్న కఫీల్ ఇంట్లో తిండి సరిగ్గా పెట్టేవారు కాదు, పైగా చేయి చేసుకునేవారు. ఒకరోజు చెత్త పారేయడానికని గేటు దాటి, ఆ చెత్త సంచీ చేత్తో పట్టుకునే పరుగెత్తుకొచ్చేసింది పిచ్చిది. పాస్‌పోర్టు ఆ ఇంట్లోనే ఉండిపోయింది. పనిమనిషి పారిపోయిందని ఆయన కేసు పెట్టాడు. అప్పటినుంచి మా గదే దాని లోకం. నేను సుభద్రగారి ఫ్లాట్ల వైపు ఆడవాళ్ళ దగ్గర చీరలు తెస్తే వాటికి ఫాల్స్ కుట్టేది. చేతి కుట్టు, చప్పుడు ఉండదు. ఊళ్ళో దానికో ఆడపిల్ల. రోజూ పడుకునే ముందు నన్ను ఒకటే అడిగేది.

"ఆమ్నెస్టీ ఎప్పుడిత్తారు పిన్నీ?"

కాగితాల్లేనివాళ్ళను జైల్లో పెట్టకుండా ఇంటికి పంపించేస్తారే, అది. "ఇత్తార్లే, పడుకో" అనేదాన్ని. నాకేం తెలుసు?

మా ఇంటి సంగతి కూడా చెప్పాలి. అది పాత ఇల్లు. రాజబాబు దాన్ని అద్దెకు తీసుకుని చెక్కలు అడ్డం కొట్టి గదులు చేశాడు. రాజబాబు అమలాపురం మనిషి, గ్యారేజీలో పని. మా గది అన్నిటికంటే వెనకది. కిటికీ లేదు. బయట రోడ్డు వేసినప్పుడల్లా ఎత్తు పెరిగి పెరిగి, మా గది మెట్లు దిగి వెళ్ళేంత పల్లంలోకి పోయింది. ఇంటి మొత్తానికీ కరెంటు మెయిన్ స్విచ్చి బయట నడవాలో ఉంటుంది. గదిలో తలుపు పక్కనే లైటూ ఫ్యానూ స్విచ్చిలున్న బోర్డు. అది గోడలోంచి సగం ఊడొచ్చి ఉండేది, ముట్టుకుంటే జివ్వుమని లాగేది. బాగు చేయించరా మగడా అంటే రాజబాబు ఒక చెక్క గరిటె తెచ్చి పక్కన మేకుకి తగిలించాడు. "దీంతో నొక్కండి, ఏం కాదు" అన్నాడు. అదీ వాడి రిపేరు.

ఇలాంటి వాటిలో బద్ధకం గానీ చెకింగ్ విషయంలో మాత్రం వాడు మహా చురుకు. ఇళ్ళలో మనుషుల్ని కుక్కి పెట్టారా, కాగితాలున్నాయా అని ఆఫీసర్లు వస్తుంటారు. ఒకసారి అలాగే వచ్చి వాడి సొంత చెల్లెల్ని పట్టుకుపోయారట. అప్పటినుంచి వాడికి తలుపు చప్పుడైతే చాలు, చెమటలు. ఆదివారం మధ్యాహ్నం అందరం బిర్యానీ తినేశాక ప్రాక్టీసు పెట్టేవాడు. విజయదుర్గను లోపల ఉంచి, బయట తాళం వేసి, ఆఫీసరులాగా తలుపు దబదబా బాదేవాడు.

"ముందు లైటు! తలుపు కింద సందులోంచి ఎలుగు కనపడిందంటే ఖలాస్. లైటు ఆపు, ఫ్యాను ఆపు, ఫోను సైలెంట్. చెప్పులు సంచీలో ఎయ్యి. సంచీ పట్టుకుని పై మంచం ఎక్కెయ్. ఎవడు కొట్టినా, ఏ బాసలో పిలిచినా ఊపిరి కూడా ఇనపడకూడదు. బయట తాళం ఉంటే ఎవడికీ అనుమానం రాదు. యల్లా, మళ్ళీ!"

మొదట్లో విజయదుర్గ నవ్వేసేది, మంచం ఎక్కబోయి జారిపడేది. పోను పోను ఎంత నేర్చుకుందంటే, వాడు తలుపు మీద చెయ్యి వేసేలోపు లైటు ఆరిపోయేది. పక్కన రొట్టెల కొట్టు పఠాన్‌కు కూడా తెలియదు, పగలు మా గదిలో ఒక ఆడపిల్ల ఉంటుందని. గోడకు గోడ ఆనుకుని ఉన్న మనిషికి తెలియదంటే చూసుకోండి మరి.

ఆ సంచీ గురించి నాకు ఒళ్ళు మండే సంగతి ఒకటుంది. సుభద్రగారింట్లో తలుపు వెనక ఎర్ర సంచీ ఒకటి వేలాడుతుంటుంది. టార్చి, బిస్కెట్లు, నీళ్ళసీసాలు, మందులు, ఫోను చార్జి చేసుకునే పెట్టె. అగ్గి అంటుకున్నా, భూకంపం వచ్చినా అది భుజాన వేసుకుని బయటపడాలట. ఒకసారి నాకు అంతా విప్పి చూపించి, "ప్రతి ఇంట్లోనూ ఉండాలి బేబీ ఇలాంటిది" అన్నారు. "మాకూ ఉందండి" అన్నాను. ఆవిడ ఎంత సంతోషపడ్డారో! విజయదుర్గ సంచీలో ఏముండేవో నేను చెప్పలేదు. పాస్‌పోర్టు జిరాక్సు, కూతురి ఫొటో, పళ్ళ బ్రష్షు, ఒక స్వెట్టరు. జైల్లో ఏసీ చలి ఎక్కువని ఎవరో చెప్పారు దానికి.

రెండు వేల ఇరవై నాలుగు ఏప్రిల్లో వాన పడింది చూడండి, ఆ రోజు. ముందు రాత్రి నుంచే ఉరుములు. పొద్దున్నే అందరి ఫోన్లూ ఒక్కసారి గీపెట్టాయి, వాన జాగ్రత్త అని. రాజబాబు గ్యారేజీ పని మీద బనియాస్ పోయి ఉన్నాడు. అంటే అబుదాబి దగ్గర. మిగతా గదులవాళ్ళు వేకువనే డ్యూటీకెళ్ళిపోయారు. తాళానికి చెవి ఒక్కటే. రెండోది ఎప్పుడో పోయింది. ఆఖరున వెళ్ళేవాళ్ళు తీసుకెళ్ళాలని రూలు. ఆఖరున వెళ్ళింది నేను.

"ఈ వేల మానేత్తానే, ఆకాశం చూత్తే భయంగా ఉంది" అన్నాను.

"మానేత్తే ఆ మేడం ఊరుకుంటదా? ఇదిగో, పట్టుచీర ఫాల్ అయిపోయింది, ఇచ్చేసెయ్. ఎడారిలో వాన ఎంతసేపు పిన్నీ, ఎల్లు" అంది. నేను తలుపు వేసి తాళం పెడుతుంటే లోపలినుంచి, "వచ్చేటప్పుడు పచ్చిమిరపకాయలు తే" అని కేకేసింది.

మధ్యాహ్నం సుభద్రగారింట్లో పప్పు తాలింపు వేస్తుంటే మొదటి మెసేజి వచ్చింది. విజయదుర్గకు రాయడం బద్ధకం, అన్నీ మాటలే పంపేది. "పిన్నీ, తలుపు కిందనించి నీల్లు వత్తన్నాయి." గుడ్డలు అడ్డం పెట్టమన్నాను. కాసేపటికి, "గుడ్డలు తేలిపోతన్నాయి పిన్నీ." ఆ తర్వాత చెప్పింది వింటూనే పొయ్యి కట్టేశాను. "కింద మంచం అంచుకి వచ్చేశాయి. ఫ్రిజ్జు ప్లగ్గు దగ్గర చిటపటమంటంది."

"పై మంచం ఎక్కు! కిందికి దిగావంటే నా మీద ఒట్టు. కాలు కూడా పెట్టకు" అని అరిచాను. మెయిన్ స్విచ్చి నడవాలో ఉంది. దానికీ దీనికీ మధ్య నా తాళం ఉంది. తాళంచెవి నా మెడలో శిలువ పక్కన వేలాడుతోంది.

సుభద్రగారు పరుగెత్తుకొచ్చారు. అప్పుడు ఆవిడకు అంతా చెప్పేశాను. తాళం సంగతి కూడా. "లోపల మనిషిని పెట్టి బయట తాళమా? బేబీ, మీకేమైనా మతి ఉందా? ఇప్పుడే పోలీసులకు ఫోన్ చేస్తాను, వచ్చి పగలగొడతారు" అన్నారు.

ఆవిడ ఫోను తీస్తుంటే నేను విజయదుర్గకు కలిపాను. ఆ మాట వినగానే అది ఏడుపు లంకించుకుంది. "వద్దు పిన్నీ, నీ కాళ్ళట్టుకుంటాను. పోలీసొత్తే నన్ను ఆ ఇంటోళ్ళకే అప్పజెబుతారు. పై మంచం మీద బానే ఉన్నాను. నువ్వే రా. నువ్వొచ్చి తియ్యి."

రాజబాబుకు చేశాను. వాడు ఇంకా పెద్ద గొంతుతో మొదలెట్టాడు. "పోలీసుల్ని పిలిత్తే ఇల్లంతా ఖాళీ! దాంతోపాటు నువ్వూ నేనూ లోపలికి పోతాం. నీల్లు ఎంతొత్తాయి? నడుందాకా వత్తాయి, పోతాయి. నువ్వెళ్ళి తాళం తియ్యి."

"నీ తాళం మండిపోను!" అని పెట్టేశాను.

సుభద్రగారు ఫోను చేత్తో పట్టుకుని నా ముఖం చూస్తున్నారు, నువ్వు ఊఁ అంటే చేస్తానన్నట్టు. నేను ఊఁ అనలేదు. అనాల్సిందంటారా? అనండి. ఆ పిల్ల వీపు మీద మచ్చలు మీరు చూడలేదు, నేను చూశాను. మళ్ళీ ఆ ఇంటికి పంపించేస్తారేమోనన్న భయం ఎలాంటిదో రాత్రిళ్ళు దాని కలవరింతల్లో విన్నాను. నేనే వెళ్ళి తీస్తానన్నాను. ఆవిడ తన ఎర్ర సంచీలోంచి టార్చి తీసి నా చేతిలో పెట్టారు.

దేవదానం కింద పార్కింగులో ఉన్నాడు. "అక్కా, రోడ్లన్నీ చెరువులు. ఎక్కడిదాకా పోతే అక్కడిదాకా" అన్నాడు. పాపం, ఆ మనిషికి నేను జీవితాంతం మొక్కాలి. రోడ్డు మీద కార్లు మునిగి, పైకప్పులు మాత్రమే కనపడుతున్నాయి. కొందరు కార్లు వదిలేసి బూట్లు చేత్తో పట్టుకుని నడిచిపోతున్నారు. మేము తిరిగిన దారే మళ్ళీ తిరిగాం, వంతెనల కింద నీళ్ళు చూసి వెనక్కొచ్చాం. నేను నిమిషానికోసారి మెసేజి పంపుతున్నాను. పై మంచం మీదే ఉండు. దిగకు. వచ్చేస్తన్నాను. అది కూడా పంపేది, "ఉన్నాను పిన్నీ" అని, "మిరపకాయలు కొనకులే ఇంక" అని ఒకసారి నవ్వింది కూడా.

షార్జా పొలిమేర దాటాక కారు ఆగిపోయింది. ఇంజనులోకి నీళ్ళు. దేవదానం స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. నేను దిగి నడవడానికి చీర ఎగ్గడుతుంటే ఫోను మోగింది. మెసేజి. చెవి దగ్గర పెట్టుకున్నాను. వాన చప్పుడు, వెనకాల దబదబమని ఏదో బాదుడు, వాటి మధ్య విజయదుర్గ గుసగుస.

"పిన్నీ, ఎవరో తలుపు కొడతన్నారు. చాలామంది ఉన్నారు. లైటు ఆపేత్తాను."

అంతే. ఇంకేం లేదు.

నేను నడిరోడ్డు మీద నిలబడి ఫోన్లోకి అరిచాను. "పలకవే! పలుకు! దిగకు, లైటు వద్దు, అక్కడినించే అరువు!" నా మెసేజి వెళ్ళింది. అది వినలేదు. ఫోను చేశాను. మోగుతోంది, మోగుతోంది, ఎత్తడం లేదు. సైలెంట్‌లో పెట్టి ఉంటుందని దేవదానంతో అన్నాను. ప్రాక్టీసులో అలాగే కదా, లైటు ఆపు, ఫ్యాను ఆపు, ఫోను సైలెంట్. "అవునక్కా, అదే అయ్యుంటది" అన్నాడు దేవదానం. ఇద్దరం ఆ మాటే అనుకుంటూ నడిచాం. మోకాళ్ళ లోతు, నడుము లోతు. నీళ్ళలో చెత్తడబ్బాలు, గ్యాసు బండలు, ఎవరివో పరుపులు తేలిపోతున్నాయి. ప్రభువా, ప్రభువా అంటూ నడిచాను. ఆయన ఆ రోజు ఎవరి మాట విన్నాడో నాకు తెలియదు, నా మాట మాత్రం వినలేదు.

మా సందుకి చేరేసరికి ఇంకా వెలుతురుంది. సందు చివర గాలి నింపిన రబ్బరు పడవ ఒకటి, కుర్రాళ్ళు అందులోకి ముసలివాళ్ళను ఎక్కిస్తున్నారు. రొట్టెల పఠాన్ తొడల దాకా నీళ్ళలో నిలబడి పడవ పట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి చెయ్యి ఊపాడు.

"బేబీ, తూ ఠీక్ హై? తుమ్హారే ఘర్ భీ దేఖా. బహుత్ ఠోకా. తాలా లగా థా, అందర్ అంధేరా. హమ్ బోలా కోయీ నహీ."

ప్రతి తలుపూ కొట్టారట. మాదీ కొట్టారట. బయట తాళం, తలుపు సందులో చీకటి. ఎవరూ లేరనుకుని పక్క ఇంటికి పోయారట. వాళ్ళు పోయాక కాసేపటికి సందంతా కరెంటు పోయిందన్నాడు.

నేను నడవాలోకి వెళ్ళాను. నీళ్ళలో తాళం చేత్తో తడుముకుని, చెవి పెట్టి తిప్పాను. తాళం ఊడింది. తలుపు లోపలికి తెరుచుకోవాలి, తెరుచుకోవడం లేదు. వెనక ఏదో అడ్డం. దేవదానం భుజం పెట్టి తోస్తే కొంచెం కదిలింది. ఆ సందులోంచి సుభద్రగారి టార్చి వేసి చూశాను.

అడ్డం ఉన్నది విజయదుర్గే.

పై మంచం మీద సంచీ ఉంది. చెప్పులు అందులోనే ఉన్నాయి. పరుపు పొడిగానే ఉంది. బోర్డులో లైటు స్విచ్చి ఆపేసి ఉంది. చెక్క గరిటె మేకుకి వేలాడుతూనే ఉంది, కంగారులో దాన్ని మర్చిపోయి ఉంటుంది. తలుపు కొట్టగానే దిగింది నా తల్లి. నేర్పినట్టే దిగింది. తడిచేత్తో ఆ స్విచ్చి మీద చెయ్యి వేసింది.

పఠాన్ నా వెనకే వచ్చి చూశాడు. నెత్తి మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు. "యే అందర్ థీ? ఆవాజ్ క్యోఁ నహీ దీ? ఆజ్ కౌన్ పకడ్తా హై బేబీ, ఆజ్ తో సబ్‌కో బచా రహే థే" అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. లోపలుండి ఎందుకు పలకలేదు, ఈవేళ ఎవరిని ఎవరు పట్టుకుంటారు, ఈవేళ అందర్నీ కాపాడుతున్నాం కదా అని. నిజమే. ఆ సంగతి విజయదుర్గకు ఎవరు చెప్పారు? నేను చెప్పానా? రాజబాబు చెప్పాడా? నీళ్ళొస్తే ఏం చెయ్యాలి, అగ్గి పుడితే ఏం చెయ్యాలి అని ఒక్క ఆదివారమైనా ప్రాక్టీసు చేశామా? మాకు ఆపద అంటే ఒక్కటే తెలుసు. అది తలుపు కొడుతుంది.

తర్వాత పోలీసులొచ్చారు. ఆఫీసరు హిందీలో మర్యాదగానే మాట్లాడాడు, కుర్చీ వేయించాడు, నీళ్ళిప్పించాడు. అన్నీ రాసుకున్నాక ఒక్కటే అడిగాడు, అంతమంది పిలుస్తుంటే ఆవిడ ఎందుకు పలకలేదని.

వాన చావు కింద రాసుకుని మమ్మల్ని వదిలేశారు. శవం ఊరికి వెళ్ళింది. వేసవి గడిచింది. సెప్టెంబరులో ఆమ్నెస్టీ ఇచ్చారు. జరిమానా లేదు, జైలు లేదు, వెళ్ళేవాళ్ళు వెళ్ళిపోండన్నారు. మా సందులోంచే ఎంతమంది వెళ్ళారో! దేవదానం కారులో నవ్వుకుంటూ ఎక్కి వెళ్ళారు. నేను ఆ వారమంతా పనికి వేరే కారులో పోయాను. వాళ్ళ నవ్వులు భరించడం నా వల్ల కాలేదు.

ఇప్పుడు విజయదుర్గ మంచం మీద నాగదుర్గ పడుకుంటోంది. ముమ్మిడివరం పిల్ల. ఆమ్నెస్టీ గడువు అయిపోయాక పారిపోయి వచ్చింది. అదే కథ, ఇల్లు మారింది అంతే. రాజబాబు కొత్త తాళం తెచ్చాడు. దీనికి రెండు చెవులున్నాయని నాకు చూపించాడు. స్విచ్చి బోర్డు ఊడబీకి తలెత్తు పైన పెట్టించాడు.

"ఇంక నీల్లొచ్చినా అందదు పిన్నీ" అన్నాడు, ఎంతో ఘనకార్యం చేసినట్టు.

"సిగ్గులేని సచ్చినోడా, మళ్ళీ తాళమా?" అని వాడి మీద పడ్డాను. చొక్కా పట్టుకున్నాను. వాడు విడిపించుకోలేదు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మరేం సెయ్యమంటావో నువ్వే సెప్పు. తాళం లేకపోతే దీన్ని ఎక్కడ దాయను? సెప్పు పిన్నీ."

చొక్కా వదిలేశాను.

నిన్న మళ్ళీ వాన హెచ్చరికతో ఫోను గీపెట్టింది. ఈ పొద్దున పనికి బయలుదేరుతూ నాగదుర్గను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. రెండు చేతులూ పట్టుకున్నాను.

"రాజబాబు ప్రాక్టీసులో సెప్పింది మర్చిపో. నే సెప్పేది ఇను. ఎవరైనా సరే తలుపు కొడితే పలకాలి. లోపలున్నాను అని గట్టిగా అరవాలి. లైటు జోలికెల్లకు. పోలీసైనా పర్లేదు, జైలైనా పర్లేదు. పానం ఉంటే మిగతాయి తర్వాత. తెలిసిందా?"

"అలాగే పిన్నీ" అంది. బుద్ధిగా తలూపింది. "అరుత్తావా?" అంటే "అరుత్తాను పిన్నీ" అంది.

తలుపు వేశాను. తాళం పెట్టాను. తాళంచెవి మెడలో వేసుకుని నడవా చివరిదాకా నడిచాను. బయట దేవదానం హారను కొడుతున్నాడు. మనసొప్పక వెనక్కొచ్చాను. తలుపు కింద సందులోంచి వెలుగు సన్నగా నేల మీద పడుతోంది. పిడికిలి బిగించి దబదబా బాదాను. గొంతు మగాడిలా మార్చి, "కోయీ హై? అందర్ కోయీ హై?" అన్నాను.

తలుపు కింద వెలుగు ఆరిపోయింది. ఆ వెనకే ఫ్యాను చప్పుడు కూడా ఆగిపోయింది.